కొండకి కొలత

"నాలుగు రోజులకీ సరిపడా చేశావా, లేకపోతే మమ్మల్ని గాలి భోంచేసి బతకమంటావా?" అంది అత్తగారు, ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి, లోపలున్న డబ్బాలు కళ్ళారా చూస్తూనే.

పన్నెండు డబ్బాలు. తెల్లవారుజామునే లేచి వండింది, చల్లార్చింది, మూతలు పెట్టింది. ఒక్కోదాని మీద కాగితం ముక్క అంటించి ఏ రోజుదో, ఏ పూటదో, ఎంతసేపు వేడి చెయ్యాలో రాసింది. ఉప్పు తగలకూడని అత్తగారికి వేరే, ఉప్పు తగ్గితే ముద్ద దిగని మొగుడికి వేరే, ఏది పెట్టినా మూతి ముడిచే కూతురికి వేరే. ముగ్గురికీ కాళ్ళూ చేతులూ లక్షణంగా ఉన్నాయి, స్టవ్ ఎలా వెలిగించాలో కూడా తెలుసు. అయినా సరే, ఆమె నాలుగు రోజులు గడప దాటాలంటే నాలుగు రోజుల చాకిరీ ముందే చేసిపెట్టి దాటాలి. దాన్నే ఆ ఇంట్లో ఆవిడగారి సెలవు అంటారు.

"సరిపోతాయి అత్తయ్యా."

"ఏమోనమ్మా! ఒక్కదానివీ ఆ కొండలూ అడవులూ పట్టుకుని తిరగడమేమిటో. వాడు మెతక కాబట్టి సరిపోయింది. మీ మామగారే ఉంటే ఆ కెమెరా తీసి అటక మీద పారేసేవారు."

ఆమె నవ్వి ఫ్రిజ్ తలుపు మూసింది. నిజానికి మామగారే ఉంటే అలా జరిగేది కాదని ఆమెకి తెలుసు. వాళ్ళ ఫోటో స్టూడియో పెట్టింది ఆయన. ఇరవై ఏళ్ళ వయసులో అక్కడ పాస్‌పోర్టు ఫోటోల మీద మొటిమలు చెరిపే పనికి చేరింది ఆమె. ఆరు నెలలు తిరక్కుండానే ఆయన, "ఈ పిల్లకి కన్నుందిరా" అని కొడుకుతో అన్నాడు. ఆ కన్ను చూసే కోడలిగా ఇంటికి తెచ్చుకున్నాడు. తెచ్చుకున్న రోజునుంచీ ఆ కన్నుకి జీతం ఇవ్వడం మాత్రం మానేశారు. ఇంట్లో మనిషికి జీతమేమిటి, వినడానికే బాగోదు కదా!

అప్పటినుంచీ పద్దెనిమిదేళ్ళుగా ఆ స్టూడియోలో మాటలు మొగుడివి, ఫోటోలు ఆమెవి. బోర్డు మీద ఆయన పేరు, కార్డు మీద ఆయన పేరు. పెళ్ళిళ్ళలో ఆమె కెమెరా కంటికి పెట్టుకుని, ఒంటికాలి మీద కుర్చీ ఎక్కి నిలబడి ఉంటే, కిందనుంచి ఎవరో ఒకావిడ, "అమ్మాయ్, కాస్త మా చంటాణ్ణి పట్టుకో, ఫోటోగ్రాఫర్ గారితో ఒక మాట చెప్పి వస్తాను" అనేది. ఫోటోగ్రాఫర్ గారు ఎక్కడుండేవాడంటే, భోజనాల దగ్గర పెళ్ళికొడుకు మేనమామతో కబుర్లాడుతూ ఉండేవాడు. ఎవరైనా అడిగితే, "మా ఆవిడ కూడా హెల్ప్ చేస్తుందండీ, చిన్నా చితకా" అనేవాడు. ఆ చిన్నా చితకా పని చేసి చేసి ఆమె కుడి భుజం రాత్రిళ్ళు చెయ్యి ఎత్తనిచ్చేది కాదు. ఆ సంగతి మాత్రం ఎవరూ అడగరు.

అలాంటి మొగుడు, కొండల్లోకి ఒంటరిగా వెళ్ళి నాలుగు రోజులు తనకోసం ఫోటోలు తీసుకుంటానని ఆమె అడగ్గానే, ఎగిరి గంతేసినంత పని చేశాడు. "వెళ్ళవే, వెళ్ళిరా. నీకూ ఒక మార్పు కావద్దూ?" అన్నాడు. చెప్పొద్దూ, ఆమెకి గుండె నిండిపోయింది. నాలుగేళ్ళుగా ఏ నోట అడుగుదామా అని నములుతూ వచ్చిన మాట, ఇంత సులువుగా చెల్లుతుందని ఆమె అనుకోలేదు. పైగా దగ్గర కూర్చుని కాగితం మీద దారి గీసిచ్చాడు. "తూర్పు వైపు మాత్రం పోకు. వానలకి రాళ్ళు దొర్లుతున్నాయట. పడమటి ఘాటీ ఎక్కి అటునుంచి అటే వచ్చెయ్. నా మాట విను." బయల్దేరేటప్పుడు కారు టైర్లలో గాలి కూడా తనే చూశాడు. 'నేనే ఈయన్ని సరిగా అర్థం చేసుకోలేదేమో' అనుకుంది ఆమె. పాపిష్టి మనసు, ఎంత తొందరగా కరిగిపోతుందో!

మొదటి రోజంతా ఆమెకి పండగే. కారులో పక్క సీటు ఖాళీ. దాని మీద కెమెరా పెట్టుకుంది, మనిషిని కూర్చోబెట్టుకున్నట్టు. ఎవరూ పాట మార్చమనలేదు, ఏసీ తగ్గించమనలేదు, ఇంకెంతసేపు అనలేదు. ఘాటీ ఎక్కుతుంటే రెండు వైపులా చెట్లు దగ్గరపడి, పట్టపగలే దీపాలు వేసుకోవలసి వచ్చింది. తడి ఆకుల వాసన కారు నిండా నిండింది. ఒకచోట మబ్బు రోడ్డుకి అడ్డంగా కూర్చుని ఉంటే, ఆమె బండి పక్కకి ఆపి రెండు గంటలు అది లేచేదాకా చూసింది. రెండు గంటలు! ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా రెండు గంటలు తన జీవితంలో ఎప్పుడు గడిపిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

ఆమె పనికి ఒక పద్ధతి ఉంది. కొండని ఎప్పుడూ ఒంటరిగా తియ్యదు. ఎక్కడో ఒక మూల, చీమంత మనిషి ఉండాలి. కట్టెలు మోసుకుపోయేవాళ్ళో, సైకిలు తోసుకుపోయేవాళ్ళో, ఎవరో ఒకరు. ఆ మనిషి దొరికేదాకా బటన్ నొక్కదు. మనిషి లేకపోతే కొండ ఎంత పెద్దదో చూసేవాళ్ళకెలా తెలుస్తుందని ఆమె వాదన. మొగుడు స్టూడియోలో ఆ ఫోటోలు చూసినప్పుడల్లా, చూశాడంటే చూసినట్టు కాదు, కంప్యూటరు ముందునుంచి నడిచి వెళ్ళినప్పుడల్లా, "మధ్యలో ఈ నలుసులేమిటే, చెరిపేస్తే పోలా?" అనేవాడు.

రెండో రోజు మధ్యాహ్నం పడమటి దారిలో పెద్ద చెట్టొకటి వేళ్ళతో సహా రోడ్డు మీద పడి ఉంది. అటవీ శాఖ మనిషి చెయ్యి ఊపి ఆపాడు. "రేపు సాయంత్రం దాకా కదలదు మేడమ్. వెనక్కి తిప్పి తూర్పు దారిన పొండి."

"అటు రాళ్ళు పడుతున్నాయటగా?"

"ఎవరు చెప్పారు? అద్దంలా ఉంది ఆ రోడ్డు. నిన్ననే వచ్చాను."

మా ఆయనకెవరో తప్పు చెప్పి ఉంటారు పాపం, అనుకుంటూ ఆమె బండి తిప్పింది. ఇంకా పాపం అనే అనుకుంది చూడండి.

చీకటి పడకముందే తూర్పు ఘాటీలో ఒక విశ్రాంతి గృహం దొరికింది. కిందికి ఇంకో గంట దిగితే ఒక ఊరు వస్తుంది. అక్కడ గదులు చూసుకునే ఆవిడకి యాభై ఏళ్ళుంటాయి, నోరు మంచిది. తాళం తీస్తూ ఆమె భుజాన కెమెరా చూసి, "అయితే నువ్వూ రేపటి ఫోటోల ప్రదర్శనకేనా తల్లీ?" అంది.

"ఏ ప్రదర్శన?"

"కింద ఊళ్ళోనమ్మా! పెద్ద హాల్లో. కొండల ఫోటోలకి బహుమతులిస్తున్నారు. ఇదిగో, బల్ల మీద కాగితాలు పెట్టిపోయారు, వచ్చినవాళ్ళకి ఇమ్మని."

ఆమె ఆ మడతకాగితం అందుకుంది. అట్ట మీద ఒక లోయ. కింద మంచు, పైన మంచు, మధ్యలో పాముమెలికలు తిరిగిన రోడ్డు. చూడగానే కళ్ళకంటే ముందు మోకాళ్ళు గుర్తుపట్టాయి. ఆ ఫోటో కోసం తడిసిన బండ మీద అరగంట మోకాళ్ళ మీద కూర్చుంది మరి. తన ఫోటో. 'మొదటి బహుమతి' అని రాసి ఉంది. కింద ఫోటో తీసినవారి పేరు ఉంది. అది ఆమె మొగుడి పేరు.

మొదట అచ్చులో తప్పనుకుంది. తర్వాత తప్పు కాదనుకుంది. మంచం మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేసింది. కూతురు తీసింది.

"నాన్నని పిలువమ్మా."

"అదేంటి, నాన్న ఇంకా నీ దగ్గరికి రాలేదా? పొద్దున్నే బయల్దేరారుగా. అమ్మకి సర్‌ప్రైజ్, చెప్పొద్దు అన్నారు. అయ్యో, నేను చెప్పేశాను! అమ్మా, నువ్వు తెలియనట్టు ఉండు, ప్లీజ్."

"అలాగేలే. నానమ్మకి ఇవ్వు."

అత్తగారు ఫోన్ అందుకుంది. ఆమె డొంకతిరుగుడు లేకుండా సూటిగా అడిగింది, "ఆ ఫోటో సంగతి మీకు తెలుసా అత్తయ్యా?" అని.

"తెలిస్తే ఏం, తెలియకపోతే ఏం? ఎవరి పేరుంటే ఏమిటమ్మా, ఒకే ఇల్లు కదా! మొగుడి పేరు నలుగురిలోకీ వస్తే నీకేం పోయింది? బయటివాళ్ళెవరో కొట్టేశారా? నువ్వు ఇంట్లో ఉండి, వాడెక్కడికని అడిగి తెలుసుకుంటే నీకు కష్టంగా ఉంటుందనే కదా, వాడు నిన్ను సంతోషంగా పంపించింది!"

అదీ సంగతి. అప్పుడు ఒక్కొక్కటే వరసగా అర్థమైంది ఆమెకి. వెళ్ళిరా అన్న మాట, కాగితం మీద గీసిన దారి, దొర్లని రాళ్ళు, టైర్లలో గాలి. ఫోటో తీసుకున్నాడన్న దానికంటే ఈ టైర్లలో గాలి ఆమెని ఎక్కువ బాధపెట్టింది. దొంగతనం చేసినవాడు దొంగతనం చేసి ఊరుకోవాలి. ప్రేమని కూడా నటించాడే! పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి తన ప్రయాణం గురించి పక్కన కూర్చుని మాట్లాడాడని, ఆ రెండు రోజులూ స్టీరింగు పట్టుకుని ఆమె ఎంత మురిసిపోయింది! ఆ మురిసిపోయిన మనిషిని తలుచుకుంటే ఆమెకి సిగ్గేసింది. ఛీ అనిపించింది. ఏడుపొచ్చింది. గదులు చూసుకునే ఆవిడ వినిపించుకోకూడదని కుళాయి తిప్పి మరీ ఏడ్చింది.

ముఖం కడుక్కుని వచ్చి మళ్ళీ ఆ కాగితం పట్టుకుంది. కిందటేడు చలికాలంలో, ఒక పెళ్ళి పని ముగించుకుని ఇద్దరూ తిరిగి వస్తుండగా తీసిన ఫోటో అది. లోయలో మంచు చూసి బండి ఆపమని బతిమాలింది. ఆయన విసుక్కుంటూ ఆపాడు. ఆమె అడవిలో కాలిబాట పట్టుకుని పైకెక్కింది. పైనుంచి చూస్తే అంతా కుదిరింది, మనిషి తప్ప. కట్టెలవాళ్ళు లేరు, సైకిలు లేదు. చాలాసేపు చూసి, చివరికి కింద మలుపులో కారు పక్కన నిలబడ్డ మొగుణ్ణే ఫ్రేములో పెట్టుకుంది. ప్రేమగానే పెట్టుకుంది. 'ఇంత కొండకి నా మనిషే కొలత' అనుకుని, తనలో తనే నవ్వుకుంది కూడా.

ఆమె కాగితాన్ని దీపం దగ్గరికి తీసుకెళ్ళింది. ఉంది. మలుపులో పెసరగింజంత కారు, దాని నెత్తి మీద లైటు పెట్టెలకి కప్పిన ఎర్ర పట్టా, పక్కన నువ్వుగింజంత మనిషి. ఈ మహానుభావుడు ఆ ఫోటోని పోటీకి పంపాడు, బహుమతి గెలిచాడు, అందులో తనే ఉన్నాడని చూసుకోలేదు! ఏడుస్తున్నది కాస్తా ఆమెకి నవ్వొచ్చింది. గట్టిగానే వచ్చింది. గదులు చూసుకునే ఆవిడ తలుపు దగ్గరికొచ్చి, "బాగానే ఉన్నావా తల్లీ?" అని అడిగింది.

"బాగానే ఉన్నానండీ. రేపు ఆ హాలు ఎన్నింటికి తెరుస్తారు?"

మర్నాడు పొద్దున్న కొండ దిగుతున్నంతసేపూ ఆమె లోపల్లోపల ఒకటే వాదులాట. ఒక నోరు, 'వెళ్ళి నలుగురిలో కడిగెయ్' అంటుంది. ఇంకో నోరు, అది అత్తగారి గొంతుతోనే మాట్లాడుతుంది, 'పరువు పోతుందే, ఆడపిల్ల తల్లివి' అంటుంది. ఏ పరువు? ఎవరి పరువు? పద్దెనిమిదేళ్ళు ఎన్ని ఇచ్చింది! భుజం ఇచ్చింది, నిద్ర ఇచ్చింది, బోర్డు మీద చోటు ఇచ్చింది. ఇచ్చినప్పుడల్లా, పోనీలే, చూసే కన్ను నాది, దాన్ని ఎవరూ తీసుకోలేరు కదా అనుకుని సర్దుకుంది. ఇప్పుడు దానికే ఎసరు పెట్టారు. ఇది కూడా వదిలేస్తే తనకంటూ చెప్పుకోవడానికి ఇంకేం మిగలదు. ఆఖరి మలుపు దగ్గర మాత్రం మనసు ఒక మెట్టు దిగింది. ఒక్క మాట ఆయన నోటితో ఆయనే చెబితే చాలు, 'ఇది తీసింది మా ఆవిడ' అని. అప్పుడు మిగతాదంతా ఇంటికెళ్ళి చూసుకోవచ్చు. ఆ ఒక్క అవకాశం ఇద్దామనుకుంది.

హాల్లో ముప్పై మంది దాకా ఉన్నారు. ఎదురుగోడ మీద ఆమె ఫోటో, గోడలో సగం ఉంది. ఇంత పెద్దగా ఆమె కూడా ఎప్పుడూ చూసుకోలేదు. ఆ మంచు చూసి, ఆ మెలికల రోడ్డు చూసి, ఒక్క క్షణం అన్నీ మర్చిపోయి, ఎంత బాగా వచ్చిందో అనుకుంది. దాని పక్కన ఇస్త్రీ కోటు వేసుకుని మొగుడు నిలబడి ఉన్నాడు. ప్రదర్శన పెట్టిన పెద్దావిడ, మెళ్ళో కళ్ళజోడు తాడు వేలాడుతుండగా, శ్రద్ధగా తలాడిస్తూ వింటోంది.

"...మూడు రోజులండీ," అంటున్నాడాయన. "ఆ మంచు కోసం మూడు రోజులు ఒక్కణ్ణీ కాపు కాశాను. తిండి లేదు, నిద్ర లేదు. ఆ లోయలో నరపురుగు లేదు. నేనూ, నా కెమెరా, అంతే."

ఎంత బాగా చెబుతున్నాడో! ఎవరికైనా నమ్మబుద్ధేస్తుంది. ఆమె బురద బూట్లతోనే జనం వెనక నిలబడి చెయ్యెత్తింది.

"నరపురుగు లేదంటున్నారు. మరి ఆ మలుపులో కారు పక్కన నిలబడ్డాయన ఎవరండీ?"

ఆయన ముందు గొంతు విన్నాడు, తర్వాత ఆమెని చూశాడు. ముఖంలో రక్తం చుక్క లేదు. ఈలోగా అందరూ ఫోటో దగ్గరికి వంగారు. పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుంది. "అవును సుమా! మనిషే. చెయ్యి పైకెత్తి ఉన్నాడు." ఆయన కూడా వంగక తప్పలేదు. ఆ ఫోటోని ఆయన నిజంగా చూడడం అదే మొదటిసారి. ఎర్ర పట్టా చూశాడు. కారు చూశాడు. తన్ను తను చూసుకున్నాడు.

ఆమె ఎదురుచూసింది. లోయలో మంచు కోసం కూడా అంత ఓపికగా ఎదురుచూసి ఉండదు. చెప్పండి, ఇప్పటికైనా చెప్పండి అని లోపల్లోపల బతిమాలుకుంది కూడా. ఆయన పెదాలు తడుపుకున్నాడు.

"ఎవరో... దారినపోయేవాడై ఉంటాడండీ. నేను గమనించలేదు."

ఆమె లోపల ఏదో తెగింది. తెగాక హాయిగా ఉంది.

"నాకు తెలుసండీ ఆయన. పద్దెనిమిదేళ్ళుగా తెలుసు. మా ఆయన. పైన నేను ఫోటో తీస్తుంటే, ఎంతసేపే అని కిందనుంచి అరుస్తున్నారు."

ఆమె సంచీలోంచి ఫోటోలన్నీ దాచుకునే లాప్‌టాప్ తీసి పెద్దావిడ ముందు బల్ల మీద పెట్టింది. ఆ రోజు వరసగా తీసిన ఫ్రేములు పదకొండు. ఒకదాంట్లో ఆయన ఫోను పట్టుకుని సిగ్నలు వెతుక్కుంటున్నాడు. ఒకదాంట్లో నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. ఏడోది గోడ మీదుంది. తొమ్మిదోదాంట్లో చేతి గడియారం చూపిస్తున్నాడు. పెద్దావిడ ఆ తొమ్మిదోదాన్ని ముఖం కనిపించేదాకా పెద్దది చేసింది. తెర మీద ముఖం చూసింది, ఎదురుగా ముఖం చూసింది, కళ్ళజోడు తీసేసింది.

ఆయన ఆమె పక్కకొచ్చి పళ్ళ మధ్యనుంచి అన్నాడు, "నలుగురిలో ఇదేం పని? ఇంటికి పద, మాట్లాడుకుందాం."

"మీరు వెళ్ళండి. రేపటి దాకా నేను కొండల్లోనే ఉంటాను. ఆ తర్వాత వస్తానో లేదో ఆలోచించుకుని చెబుతాను."

ఆయన అడ్డురాకుండా ఆమె ఎప్పుడూ అంత పొడుగు మాట మాట్లాడి ఎరగదు. పెద్దావిడ గోడ దగ్గరికెళ్ళి, ఫోటో కింద అంటించిన పేరు చీటీని గోటితో లేవదీసి, చేత్తో నలిపింది. కొత్త చీటీ, పెన్నూ పట్టుకుని ఆమె వైపు తిరిగింది.

"చెప్పమ్మా, పేరు ఏమని రాయమంటావు?"

ఆమె నోరు తెరిచేలోగా ఆయన అందుకున్నాడు, మెడ మీద చెమట తుడుచుకుంటూ, నవ్వు తెచ్చిపెట్టుకుంటూ. "స్టూడియో పేరు రాయండి మేడమ్. ఆవిడదైతే ఏమిటి, నాదైతే ఏమిటి, ఇద్దరం ఒకటేగా!"

"వద్దండీ," అంది ఆమె. "ఫోటో తీసినవారు అని నా పేరు రాయండి. ఆయన పేరు కూడా ఉండాల్సిందే అంటే, కారు పక్కన నిలబడ్డ మనిషి అని కింద రాయండి."